మంచి బోల్టులే విరిగిన వేసవి

రాష్ట్రం విడిపోయిన నాలుగో ఏడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో నన్ను ప్రొద్దుటూరు శాఖకు బదిలీ చేశారు. లోహాలను పరీక్షించి నివేదికలిచ్చే ఒక ప్రైవేటు సంస్థలో నా ఉద్యోగం. హోదా సీనియర్ మెటలర్జిస్టు. శాఖకు అధిపతిని కూడా నేనే గనక సంతకం నాదే, తిట్లూ నావే. పుట్టింది జమ్మలమడుగు. ఉద్యోగమంతా పరాయి రాష్ట్రాల్లో వెళ్లదీసి, రిటైర్‌మెంటుకు దగ్గర పడ్డాక సొంత జిల్లాకు వస్తున్నానని ఎంత సంబరపడ్డానో! ఎండకు ఇంట్లో మజ్జిగ, పగలు నాలుగు నగల పరీక్షలు, ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. ఆ సంబరం కాస్తా మూణ్ణాళ్ల ముచ్చటే అయింది.

మా శాఖ రెండంతస్తుల ఇల్లు. పైన బంగారం, కింద ఇనుము. బంగారు అంగళ్ల ఊరు కాబట్టి నగల స్వచ్ఛత చూడడమే మాకు అన్నం పెట్టేది. కింది గదిలో ఇళ్లకు వాడే కడ్డీలు, ఫ్యాక్టరీల బోల్టులు, పైపులు పరీక్షించేవాళ్లం. ఆ గదిలో మూడు పనులు ముఖ్యం. ఒకటి, లోహంలో ఏమేం కలిసి ఉన్నాయో చూడడం. రెండు, వజ్రపు మొనను దాని మీద ఒత్తి, పడిన గుంతను బట్టి గట్టిదనం తేల్చడం. మూడు, రెండు చివరలా పట్టి తెగేదాకా లాగి బలం కొలవడం. నియమం కూడా ఒకటుంది: నివేదిక మన చేతికొచ్చిన నమూనా గురించే మాట్లాడాలి, దాన్ని తెచ్చినవాళ్ల గురించి కాదు. వినడానికి శానా చిన్న నియమం. నన్ను నానా అగచాట్లూ పెట్టింది అదే.

ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు ఒకే మోటారుసైకిల్ మీద వచ్చి దిగారు. ముందు కూర్చున్నాయన వేముల మండలంలో చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉన్న రామసుబ్బారెడ్డి. వెనక కూర్చున్నవాడు ప్రొద్దుటూరు బోరు మెకానిక్ మస్తాన్. ఒకరు ఫిర్యాది, ఇంకొకరు ముద్దాయి. అయినా పెట్రోలు దండగని ఒకే బండి మీద వచ్చారు. రెడ్డి భుజం మీది తువ్వాలు తీసి నా బల్ల మీద విప్పాడు. అందులో తలలు ఊడిపోయిన బోల్టులూ, ఊడిన తలలూ, మస్తాన్ తోటలో మిగిల్చి పోయిన, ఇంకా వాడని నిండు బోల్టులు కొన్నీ ఉన్నాయి.

"ఇవి డూప్లికేటువని రాసియ్యమ్మా. ఊర్లో పెద్దమనుషుల ముందర పెట్టల్ల," అన్నాడు రెడ్డి.

"డూప్లికేటు కాదు మేడమ్. జమ్మలమడుగులో ఏరి ఏరి కొనకచ్చినా," అన్నాడు మస్తాన్ గుమ్మం దగ్గర నిలబడే.

నాకు అసలే ఓపిక తక్కువ. "ఏం రాయల్లో నాకు చెప్పద్దప్పా. తేలింది రాస్తా," అన్నాను. సొంత యాస నోట్లోంచి దానంతటదే దూకింది. రెడ్డి మెత్తబడి కుర్చీ లాక్కున్నాడు.

జరిగింది ఇది. బోరులోకి మోటారు దించాక దానికి తగిలించిన పైపుల బరువంతా బోరు నోటి దగ్గర ఒక ఇనుప క్లాంపు మోస్తుంది. రెండు పట్టీలు పైపును చెరోవైపు కరచుకుని ఉంటాయి. వాటిని కలిపి బిగించేవి బోల్టులు. అవి వదిలితే మోటారూ పైపులూ కలిసి పాతాళానికే. రెడ్డి తోటలో మస్తాన్ పొద్దున బిగించి వెళ్లిన బోల్టులు సాయంత్రానికి ఎవరూ తాకకుండానే తలలు తెంచుకున్నాయి. మోటారు బోరులో పడిపోయింది, ఎన్ని గాలాలు వేసినా రాలేదు. మస్తాన్ తలవంచుకుని, రెడ్డి రెండో బోరుకు కూలి తీసుకోకుండా పనిచేశాడు. ఈసారి మరింత శ్రద్ధగా చేశాడట. ఆ బోల్టులు ఇంకా ముందే విరిగాయి! ముందుజాగ్రత్తగా ఇనుప తాడు కట్టి ఉంచాడు కాబట్టి ఆ మోటారు దక్కింది. ఒకసారైతే ఖర్మ అనుకుంటారు, రెండోసారికి దొంగతనమంటారు. మంచి బోల్టులకు దుడ్లు తీసుకుని నకిలీవి వేశాడన్న మాట పులివెందుల బస్టాండు దాకా పాకింది. మస్తాన్‌ను పనికి పిలిచేవాళ్లు లేకపోయారు.

రెడ్డి బయటికి వెళ్లి బీడీ ముట్టించుకున్నప్పుడు మస్తాన్ నా దగ్గరికొచ్చి ఒకే మాట చెప్పాడు. "కువైట్‌లో మా అన్న ఉండాడు మేడమ్. రమ్మంటాండాడు. పోతే పోతా గానీ, దొంగ అనిపిచ్చుకోని ఊరిడిసి పోలేను."

మరుసటి రోజే పరీక్షలు మొదలుపెట్టాను. లోహాల పాళ్లు సరిగ్గా ఉన్నాయి. గట్టిదనం ఉండాల్సినంత ఉంది. నిండు బోల్టులను యంత్రంలో లాగితే ఎంత బలం దగ్గర తెగాలో అంతకు కాస్త మించే తెగాయి. నకిలీవి కావు సరికదా, సిమెంటు ఫ్యాక్టరీల యంత్రాలకు వాడే మేలు రకం. అంగట్లో చాన్నాళ్లు పడి ఉండి తుప్పు పట్టిన సరుకైనా అసలు సరుకే. హమ్మయ్య, మస్తాన్ బతికిపోయాడు అనుకున్నాను.

అనుకున్నానే గానీ, వెంటనే నా తలకు తట్టింది. ఆ మాటే రాసిస్తే రెడ్డి ఏమంటాడు? అనుమానం తీర్చుకోవడానికి ఫోనులో చూచాయగా చెప్పి చూశాను. "సరుకు మంచిదైతే తప్పు చేతిదే గదమ్మా. తాగి బిగిచ్చినాడేమో," అన్నాడాయన. బోల్టులు చెడ్డవంటే మస్తాన్ దొంగ. మంచివంటే పనిచేతకానివాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నివేదిక మీద సంతకం పెట్టకుండా సొరుగులో పడేశాను. ప్రధాన కార్యాలయం నుంచి ఫోన్ మీద ఫోన్. పరీక్షలు పూర్తయ్యాక నివేదిక ఆపే అధికారం నీకెవరిచ్చారని. ఎవరూ ఇవ్వలేదు, నిజమే. కానీ తలలు తెగిన బోల్టులు కళ్లెదుట పెట్టుకుని 'అన్నీ బాగున్నాయి' అని సంతకం చేయడానికి నా చెయ్యి రాలేదు.

అయోమయం అక్కడితో ఆగిందా! ఒక ఆదివారం పులివెందుల వైపు నాలుగు తోటలు తిరిగాను. ఎక్కడ చూసినా అణా బోల్టులు, మెత్తటివి, తుప్పు పట్టినవి. వాటిలో కొన్నింటిని అడిగి తెచ్చి పరీక్షిస్తే మస్తాన్ బోల్టుల్లో సగం బలం కూడా లేదు. అవి మాత్రం ఏళ్ల తరబడి నిక్షేపంగా నిలబడి ఉన్నాయి. మంచిది విరుగుతుంది, చెడ్డది నిలబడుతుంది. ఇదెక్కడి న్యాయమో నాకు అంతుపట్టలేదు.

ఇక్కడ లోహం లోపలి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా అవస్థ అర్థం కాదు. లోహంలో పరమాణువులు రెడ్డి తోటలో చీనీ చెట్ల మాదిరి వరసలు తీరి ఉంటాయి. కానీ ఏ తోటలోనూ అన్ని వరసలూ చివరిదాకా పోవు. ఒక వరస సగంలో ఆగిపోతుంది, పక్క వరసలు సర్దుకుంటాయి. ఈ వరసతప్పును మా వాళ్లు డిస్లొకేషన్ అంటారు. కంటికే కాదు, మామూలు మైక్రోస్కోపుకు కూడా కనబడనంత చిన్న లోపం. లోహం విరగకుండా వంగుతుందంటే ఆ లోపం ఒక వరస నుంచి ఇంకో వరసకు జరుగుతూ పోవడం వల్లనే. బంగారాన్ని సుత్తితో కొట్టేకొద్దీ లోపాలు పెరిగి ఒకదానికొకటి చిక్కుపడతాయి, కదలలేవు. అప్పుడు బంగారం బిరుసెక్కుతుంది. కంసాలి కొలిమిలో కాస్త కాచగానే చిక్కులు విడి మళ్లీ మెత్తబడుతుంది. మేలు రకం బోల్టు బలంలో చాలా వంతు ఇలా చిక్కుపడ్డ లోపాలదే. లోపమే బలమా అని అడిగితే అవునంటాను, కాదనీ అంటాను. నలభై ఏళ్ల దగ్గర నుంచి చదువుతున్నా నాకే వింతగా ఉంటుంది.

ఈ బలమైన ఉక్కుకు ఒక జబ్బుంది. హైడ్రోజన్ పరమాణువు అన్నిటికంటే చిన్నది. అది ఉక్కులోకి దూరితే ఆ లోపాల దగ్గరా, ఉక్కులో ఒకదానికొకటి అతుక్కుని ఉండే సన్నటి స్ఫటికాల సరిహద్దుల దగ్గరా తిష్ఠ వేస్తుంది. బోల్టును బిగించినప్పుడు ఎక్కడ ఒత్తిడి ఎక్కువో అక్కడికి మెల్లమెల్లగా నడిచి చేరుతుంది. చాలినంత చేరాక బోల్టు చెప్పాపెట్టకుండా ఫట్మంటుంది. మెత్తటి ఉక్కు దీన్ని లెక్కచేయదు. నాకు ఈ ఆలోచన రాలేదని కాదు. కానీ ఈ జబ్బు మేం చూసేది జింకు పూత పూసిన బోల్టుల్లో. పూత పూసే తొట్టిలోనే హైడ్రోజన్ లోపలికి పోతుంది. మస్తాన్ బోల్టులకు పూత లేదు. విరిగిన ముఖాలు చూసి తేల్చుకుందామంటే, నా దగ్గరికి వచ్చేసరికే వాటి మీద తుప్పు పేరుకుంది. కాబట్టి ఆ అనుమానాన్ని పక్కన పెట్టాను. ఎక్కడి గొంగళి అక్కడే.

చివరికి మా నియమాలకు కాస్త పక్కగా జరిగి, కళ్లతో చూద్దామని బయల్దేరాను. మస్తాన్ చిన్నాయనకు పులివెందుల దగ్గర అరటి తోట ఉంది. ఇంటివాళ్లు తప్ప ఇంకెవరూ పని చెప్పని రోజులవి. ఆయన మాత్రం, "మా పిల్లోడు బిగిచ్చకపోతే ఇంగెవురు బిగిచ్చల్ల," అని పిలిచాడు. నేను వెళ్తున్నానని ఎలా తెలిసిందో, పిలవకుండానే రెడ్డి కూడా వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

మస్తాన్ పని చూస్తుంటే నా అయోమయం రెట్టింపయింది. అంత శుభ్రమైన మెకానిక్‌ను నేను చూడలేదు. క్లాంపులు, పానాలు, బోల్టులు అన్నీ కొత్త వెండి గిన్నెల్లా మెరుస్తున్నాయి. బిస్మిల్లా అనుకుని ఒక్కొక్క మర తిప్పాడు. ఎంత బిగువు పెట్టాడో తెలిపే పానా వెంట తెచ్చుకున్నాను. అతను చేత్తో పెట్టిన బిగువు ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. తాగి బిగించాడన్న రెడ్డి కూడా గట్టు దిగి దగ్గరికొచ్చి చూశాడు. ఇనుప తాడు మాత్రం ఉంచమన్నాను.

అందరం సంగటి, ఊరుబిండి పచ్చడి తిని చెట్ల నీడన కూర్చున్నాం. ఎండ కొంచెం వాలింది. బోరు దగ్గర ఎవరూ లేరు. ఫట్మని చప్పుడైంది. బోల్టు తల ఎగిరొచ్చి స్టార్టరు పెట్టె రేకుకు ఖణేలుమని తగిలింది.

"సూసినావామ్మా! నేను చెప్తే నమ్మితివా!" రెడ్డి లేచి నిలబడ్డాడు. పందెం గెలిచినట్టుంది ఆయన వాలకం. మస్తాన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. చిన్నాయన తల పట్టుకున్నాడు. నేను ఎగిరిపడిన బోల్టు తల ఏరి భూతద్దంతో చూశాను. ఇప్పుడే విరిగిన ముఖం, తుప్పు లేదు. చక్కెర ముద్ద విరిచినట్టు మిలమిల్లాడుతోంది. వంగి సాగి తెగిన గుర్తే లేదు, స్ఫటికాల సరిహద్దుల వెంబడి విడిపోయింది. పక్కన పెట్టిన జబ్బే! అయితే హైడ్రోజన్ ఎక్కణ్ణుంచి వచ్చింది? అరటి తోటలోనా?

ఇంతలో మస్తాన్ వేరే బోల్టు తేవడానికి తన ట్రాలీ ఆటో దగ్గరికి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను. అందులో మూత పెట్టిన ప్లాస్టిక్ డబ్బా, పక్కన కుంకుడు రసం నిండిన చెంబు. మూత తీసి, కంసాలుల దగ్గరుండే ఇత్తడి పట్టుకారుతో లోపలి నుంచి ఒక బోల్టు తీశాడు. తొంగి చూశాను. లోపల యాసిడ్. మిగిలిన బోల్టుల ఒంటి నిండా సన్నటి బుడగలు. ఆ బుడగలే హైడ్రోజన్. కొంత పైకి లేచి గాలిలో కలిసిపోతుంది, కొంత ఉక్కులోకి దూరుతుంది.

"ఇదేందప్పా?" అన్నాను.

"తుప్పు పోయేదానికి మేడమ్. మా అబ్బ నగలకు మెరుగు పెట్టేటోడు. అతుకు పెట్టినాక యాసిడ్‌లో ఏస్తే మసి పోతాది, కుంకుడు రసంతో రుద్దితే తళతళ అంటాది. సామాను మురిగ్గా పెట్టుకోని పనికి పోతే మాయింట్లో తిడ్తారు. ఆ రెడ్డి మామ తోటలో రెండోసారి అందుకే రాత్రంతా నానేసినా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎక్కడ కొన్నావు, ఎలా బిగించావు, ఎక్కడ దాచావు, అన్నీ అడిగాను. ఇది చెప్పాల్సిన సంగతని అతనికెలా తెలుస్తుంది? పొద్దున ముఖం కడుక్కున్నానని ఎవరైనా చెప్పుకుంటారా? మా మేడమీద కూడా రోజూ నగలు యాసిడ్‌లో మునిగి లేచేవి. బంగారానికి దాంతో ఏ హానీ లేదు. బంగారు ఊళ్లో పుట్టిన చేతులు ఇనుముకు బంగారపు మర్యాద చేశాయి. ఎంత శ్రద్ధ పెడితే అంత త్వరగా విరిగాయి. ఇంకెక్కడి మెకానిక్కైనా కిరసనాయిలు, ఇనుప బ్రష్షుతో సరిపెట్టేవాడు.

నా దగ్గరికి వచ్చిన నిండు బోల్టులు ఎందుకు నెగ్గాయో కూడా అప్పుడే అర్థమైంది. పూత లేని ఉక్కులోంచి హైడ్రోజన్ రోజులు గడిచేకొద్దీ మెల్లగా బయటికి పోతుంది. అవీ యాసిడ్‌లో మునిగినవే, కానీ రెడ్డి వాటిని కొన్నాళ్లు ఇంట్లో పెట్టుకుని తెచ్చాడు. నేను లాగేసరికి లోపల దోషమే లేదు. కొంత మిగిలి ఉన్నా, అంత వేగంగా లాగితే బయటపడేది కాదు. దానికి కావాల్సింది నిలకడైన బిగువు, కొంత సమయం.

అయితే అనుమానం వేరు, రుజువు వేరు. అదే అంగట్లోని బోల్టులు నేనే కొనుక్కొచ్చాను. కొన్నింటిని మస్తాన్ పద్ధతిలో యాసిడ్‌లో నానబెట్టి వెంటనే ఉక్కు పలకకు బిగించాను. ఇంకొన్నింటిని యాసిడ్ తర్వాత కొలిమిలో సన్నని వేడి మీద పూటంతా ఉంచి, లోపలి హైడ్రోజన్ పోయాక బిగించాను. మిగిలినవి కిరసనాయిలుతో తుడిచి బిగించాను. మరునాటికి మొదటి వరుస తలలు నేల మీద ఉన్నాయి. రెండోదీ మూడోదీ చెక్కు చెదరలేదు. ఒక చిక్కు మాత్రం మిగిలింది. మొదటి వరుసలో ఒక బోల్టు విరగలేదు. ఎదురుచూశాను. అయినా విరగలేదు.

ఇద్దరినీ పిలిపించి నివేదిక చదివి వినిపించాను. బోల్టులు అసలైనవి, బిగువు సరైనది, దోషం యాసిడ్ కడుగుడుది అని. మస్తాన్ గట్టెక్కాడని నా ధైర్యం. రెడ్డి గడ్డం గోక్కుని, "అంటే, ఇరగ్గొట్టింది వీడే గదమ్మా?" అన్నాడు.

ఔను మరి! దొంగ అన్న పేరు తీసేసి, నా సంతకంతోనే, నా ముద్రతోనే తప్పు అతని చేతికి అంటగట్టాను. ఇన్ని రోజులు ఎవరి కోసం ఈ పాట్లు పడ్డానో వాడినే ముంచానా? మస్తాన్ వైపు చూడడానికి మనసొప్పలేదు.

అతనే నోరు తెరిచాడు. "ఔ మామా. నా చేతుల్తోనే పాడు చేసినా. మోసం మాత్రం చేయలేదు." అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడేవాడు, ఆ మాట చెప్పి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

రెడ్డి నివేదికను నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. "ఎల్లుండి కొత్త బోరుకు మోటారు దించల్ల. పొద్దున్నే రా," అన్నాడు.

నేను బిత్తరపోయి, ఎవరిని రమ్మంటున్నావని అడిగాను.

"ఇంగెవుర్ని? వీన్నే. ఇంగొకడు దాన్ని దేంట్లో ముంచుతాడో నాకేం తెలుసు? వీడైతే సచ్చినా యాసిడ్ జోలికి పోడు."

అది క్షమించడమా, లెక్క వేసుకోవడమా, నాకు ఈనాటికీ తెలియదు. మస్తాన్‌కు తెలిసినట్టే ఉంది. లేచి, రెడ్డి కంటే ముందే వెళ్లి మోటారుసైకిల్ తిప్పి పెట్టాడు. ఈసారి బండి తనే నడిపాడు. కువైట్ మాట మళ్లీ ఎప్పుడూ వినలేదు.

పలకకు బిగించిన ఆ విరగని బోల్టు రిటైరయ్యేటప్పుడు నాతో తెచ్చుకున్నాను. మిగతావాటికి జరిగిందే దానికీ జరిగింది, అయినా నిలబడింది. ఎందుకో చెప్పమంటే చెప్పలేను, ఊహించి చెప్పడం నా వృత్తి కాదు. ఆ వేసవి నేర్పింది ఒక్కటే. పరీక్ష అడిగినదానికే జవాబు చెబుతుంది, అదీ అడిగిన రోజున లోపల ఉన్నదాన్ని బట్టే చెబుతుంది. అందుకే ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ఎవరు విరిగిన ముక్క తెచ్చినా యంత్రం దగ్గరికి పోకముందే కూర్చోబెట్టి, కొన్న రోజు నుంచి విరిగిన రోజు దాకా దాన్ని ఏమేం చేశారో, కడుగుడుతో సహా చెప్పమని అడిగేదాన్ని.